చుక్క ఆరిన తరవాత

తెలుగు చెప్పుకునే మాస్టరుకు లేజరు యంత్రంతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా ఆవిడ కూడా అదే అడిగింది, అద్దం మీద ఏడు చుక్కలు పెట్టుకుని వరండాలో చతికిలబడ్డ నన్ను చూసి. ఆ అద్దం ఆవిడదే కావడం వల్ల ప్రశ్నలో కొంచెం ఘాటు కూడా వుంది. మొదటినుంచీ చెబితే తప్ప ఈ చుక్కల వ్యవహారం బోధపడదు.

మా సొంతవూరు జగిత్యాల దారిలో ఒక పల్లె. అక్కడ మా పొలంలోనే మా అమ్మ సమాధి వుంది. ఏడాది మాసికం నాటికి దానిమీద నల్లరాతి పలక నిలబెట్టి, ఆ పలక మీద అమ్మ బొమ్మ చెక్కించాలని అన్నదమ్ములం అనుకున్నాం. వెనకటి రోజుల్లో అయితే రాతిపనివాడు వులితో పేరూ తారీఖూ కొట్టి ఇచ్చేవాడు. ముఖం కొట్టమంటే దణ్ణం పెట్టేవాడు. ఇప్పుడు ఫొటో ఇస్తే చాలు. లేజరు యంత్రం నున్నటి నల్లరాతి మీద లెక్కలేనన్ని చుక్కలు పొడుస్తుంది. పొడిచిన చోటల్లా నలుపు పోయి తెలుపు తేలుతుంది. కరీంనగరం గ్రానైటుకు పెట్టింది పేరే గాని, ఇక్కడ దొరికేది ఎక్కువగా గోధుమరంగు పొడల రాయి, ‘టాన్ బ్రౌన్’ అంటారు. బొమ్మకు మాత్రం నల్లరాయే కావాలి.

యంత్రం నడిపేది నా పాత శిష్యుడే. టవర్ సర్కిలుకు దగ్గర్లో ఒక సందులో కొట్టు. బి.ఏ.లో నా దగ్గర ప్రబంధాలు చదివి, తరవాత బ్యాంకులో అప్పు తెచ్చి ఈ యంత్రం కొన్నాడు. స్కూళ్ళ షీల్డులు, పెళ్ళి జ్ఞాపికలు, ఇంటిగుమ్మాల పేరు పలకలు చెక్కుతూ సంసారం లాక్కొస్తున్నాడు. ప్రబంధాల కన్న ఇదే నయం సార్ అని నాతోనే అన్నాడు. నేనేమీ అనలేకపోయాను.

నేను వెళ్ళింది మే నెలలో. మా వైపు ఎండ సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కొట్టులో అడుగుపెట్టేసరికి నాలుక పిడచగట్టింది. బల్లమీద మంచినీళ్ళ సీసా కనపడింది. చనువున్న చోటు కనక అడగకుండానే మూత తిప్పాను. పనిలో వున్న కుర్రవాడు ఒక్క గంతు వేసి నా చేతిలోంచి సీసా లాక్కున్నాడు.

“సార్, అవి నీళ్ళు గావు! స్పిరిట్!”

నా శిష్యుడు నాలుక కరుచుకున్నాడు. “అయిదు లీటర్ల డబ్బా సార్, మాటిమాటికి లేపలేక గిండ్ల వోసుకున్నం” అన్నాడు.

సరే, గండం గడిచింది. వాడు అసలు నీళ్ళు తెప్పించి ఇచ్చి, ఆ తరవాత పలక చూపించాడు. చూసి నేను కాసేపు మాట్లాడలేదు. రాతిమీద మా అమ్మ ముఖం పొగమంచులో నిలబడ్డట్టు వుంది. కళ్ళున్నాయని తెలుస్తోందే తప్ప చూపు లేదు. ముక్కుపుల్ల చెంపలో కలిసిపోయింది.

“లెన్సు పోయింది సార్. ఆర్నెల్లల్ల ఇది రెండోది. ఒక్కొక్కటి రెండువేల పైచిలుకు” అన్నాడు వాడు దిగులుగా. “మంచిగనే తుడుస్తున్న సార్. దినాం తుడుస్తున్న.”

“దేంతోని తుడుస్తున్నవ్ రా?”

“స్పిరిట్ తోని.”

“ఏ స్పిరిట్?”

“స్పిరిట్ అంటే స్పిరిటే గద సార్!”

వృత్తిరీత్యా నాకు మాటల మీద అనుమానం జాస్తి. ఒక మాటకు నాలుగు అర్థాలుంటే పద్యంలో దాన్ని శ్లేష అని మెచ్చుకుంటాం. బజారులో అదే మాట కొంప ముంచుతుంది. మా చిన్నప్పుడు పంపు స్టవ్వు వెలిగించడానికి పోసే నీలం నీళ్ళు స్పిరిట్. వడ్రంగి లక్క కరిగించి బీరువాకు పాలిష్ పెట్టేదీ స్పిరిట్టే. దవాఖానలో సూది పొడిచే ముందు చేతికి రాసేదీ అదే పేరు. ఇంగ్లీషువాడు ఆత్మను కూడా ఆ మాటతోనే పిలుస్తాడు గాని, దానితో మనకు ఇప్పుడు పని లేదు.

డబ్బా తెప్పించి చూశాను. 2020లో కరోనా నాడు కొన్న శానిటైజరు. మీద పెద్ద అక్షరాలతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే వుంది. “మిషన్ తోని వచ్చిన పుస్తకంల గదే పేరున్నది సార్” అన్నాడు నా శిష్యుడు. వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. పుస్తకంలో వున్న పేరే డబ్బా మీదా వుంది. లేనిదల్లా డబ్బాలో మిగిలినవి ఏమిటన్న విచారణే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళ ప్రకారం అటువంటి శానిటైజరులో ఐసోప్రొపైల్ ఆల్కహాలు నూటికి 75 పాళ్ళు, హైడ్రోజన్ పెరాక్సైడు 0.125, గ్లిసరిను 1.45; తక్కినది నీళ్ళు. ఈ గ్లిసరిను చేతులు పగలకుండా కలిపేది. ఆల్కహాలు ఎగిరిపోతుంది, నీళ్ళూ ఆరిపోతాయి, గ్లిసరిను మాత్రం ఎక్కడిదక్కడే కూర్చుంటుంది. చేతికి అది మేలు. లెన్సుకు అదే చేటు.

ఎందుకు చేటో తెలియాలంటే లెన్సు సంగతి రవంత చెప్పుకోవాలి. మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పట్టుకుని నేను నేర్చుకున్నది ఇది. ఈ తరహా యంత్రంలో వెలుగు పుట్టేది కార్బన్ డయాక్సైడు వాయువులో. ఆ విద్య కనిపెట్టినవాడు మనదేశంలో బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. 1964లో అమెరికాలోని బెల్ లాబరేటరీస్‌లో పనిచేస్తూ కనిపెట్టాడు. ఆ వెలుగు తరంగం పొడవు 10.6 మైక్రానులు, అంటే మన కంటికి ఆనే ఎరుపు కన్న పదిహేను రెట్లు. కంటికి కనపడదు. కిటికీ గాజు దానికి గోడతో సమానం: దాటనివ్వదు సరిగదా, తానే దాన్ని తాగి వేడెక్కుతుంది. అంచేత ఆ లెన్సును గాజుతో చెయ్యరు. జింకు సెలెనైడు అనే పదార్థంతో చేస్తారు. రూపాయి బిళ్ళ కన్న చిన్నది, తేనెరంగుది, చూడముచ్చటగా వుంటుంది. గాజు కన్న చాలా మెత్తనిది, తేలిగ్గా గీతలు పడుతుంది. రెండు వైపులా కంటికి తెలియనంత పలచటి పూత వుంటుంది. వచ్చిన వెలుగు వెనక్కు తిరిగిపోకుండా చూడడం దాని పని.

ఇంత సుకుమారమైన వస్తువు మీద ఏది పడ్డా, అంటే పొగమసి గాని, వేలిముద్ర గాని, గ్లిసరిను పొర గాని, అది ఆ వెలుగును తాగడం మొదలుపెడుతుంది. తాగినకొద్దీ కాలుతుంది, కాలినకొద్దీ ఇంకా తాగుతుంది. మొదట బొమ్మ మసకబారుతుంది. తరవాత పూత మాడుతుంది. ఆ తరవాత ఒకనాడు టప్పున బీట వేస్తుంది. నా శిష్యుడు దినాం తుడిచానని చెప్పాడే, ఆ తుడుపుతో దినాం ఒక పొర పూశాడన్నమాట. శ్రద్ధ ఎక్కువైనకొద్దీ లెన్సుకు ఆయుష్షు తగ్గింది.

శానిటైజరు కాకపోతే మరేమిటి? ఈ ప్రశ్న వేసి చూడండి, మన వూళ్ళో సలహాలకు కరువు లేదు. కొట్టు పక్కన మందుల షాపాయన సర్జికల్ స్పిరిట్ అన్నాడు. ఎదుటి సెల్ ఫోనుల కుర్రవాడు నీలంరంగు గ్లాసు క్లీనరు అన్నాడు. నా శిష్యుడికి మేనమామ వరసాయన వెండి తీగపని చేస్తాడు. అందరికీ తెలిసిన మన కరీంనగరం ఫిలిగ్రీ. ఆయన, “వెండి మీది మసి ఆసిడ్ నీళ్ళకు పోతది, గిదెంత బిడ్డా!” అన్నాడు. బావమరిది వుండేది నిర్మల్‌లో. 2016 దాకా ఆదిలాబాదు జిల్లాలో వుండి ఇప్పుడు తానే ఒక జిల్లా అయిన వూరు. అతనిది పొణికి కర్ర బొమ్మలకు రంగులు వేసే పని. చేతికి అంటిన రంగు వదిలించే థిన్నరు ఒక సీసాలో పోసి బస్సు కండక్టరు చేతికిచ్చి మరీ పంపాడు.

ఎవరిమీదా నవ్వడానికి లేదు. ఎవరి పనిలో వారు చెప్పింది సరైనదే. వెండికి ఆసిడ్ పనికొస్తుంది, రంగుకు థిన్నరు పనికొస్తుంది. అందరూ చూసిందల్లా ఏది మురికిని బాగా తీస్తుందా అని. లెన్సు విషయంలో మొదట చూడవలసింది అది కాదు, అది తాను వెళ్ళిపోతూ ఏం వదిలి వెళుతుందా అని. ఈ మాట నా మిత్రుడు చెప్పింది. పరీక్ష కూడా ఆయనే చెప్పాడు: “శుభ్రమైన అద్దం మీద తలా ఒక చుక్క వెయ్యి. ఆరిన తరవాత ఏటవాలుగా వెలుతురులో చూడు.”

అలా వచ్చింది మా ఆవిడ అద్దం. ఆసిడ్ జోలికి పోలేదు. మా కుళాయి నీళ్ళతో మొదలుపెట్టి, శానిటైజరు, సర్జికల్ స్పిరిట్, గ్లాసు క్లీనరు, మా అమ్మాయి గోళ్ళరంగు తుడిచే మందు, నిర్మల్ థిన్నరు, చివర మా మిత్రుడు రసాయనాల దుకాణంలో కొనిపెట్టిన 99 పాళ్ళకు పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మొత్తం ఏడు చుక్కలు. పొయ్యికి దూరంగా, గాలి ఆడేచోట కూర్చున్నాను.

మొదట ఆరింది గోళ్ళమందు. దాంట్లో పని చేసేది అసిటోను; చిటికెలో ఎగిరిపోయింది గాని, దానితోపాటు కలిపిన నూనే వాసనా మిగిలి జిడ్డు చక్రం కట్టాయి. గ్లాసు క్లీనరు నీలం పొర వదిలింది. అమ్మోనియా వున్న క్లీనర్లయితే లెన్సు పూతకే చేటట. థిన్నరు ఏకంగా ఒక మచ్చ పెట్టింది. ఆ సీసాలో అంతకుముందు ఏముండేదో దేవుడికెరుక. సర్జికల్ స్పిరిట్ ఆరి, అంచున సన్నటి జిడ్డు గీత మిగిలింది. బ్రిటిష్ ఫార్మకోపియా పాళ్ళ ప్రకారం సర్జికల్ స్పిరిట్‌లో ఆముదం వుంటుందని విని ఆశ్చర్యపోయాను. చర్మం కోసం కలుపుతారట. దీపానికి ఆముదం పోస్తాం గాని, దీపపు అద్దానికి ఎవరైనా ఆముదం పూస్తారా? మానేరు నీళ్ళు అన్నిటికన్న ఆలస్యంగా ఆరి, తెల్లటి సున్నపు వలయం చుట్టాయి. శానిటైజరు చుక్క ఆరనే లేదు. గంట తరవాత కూడా చేప కన్నులా మెరుస్తోంది.

ఏడోచుక్క ఎక్కడ వేశానో కనపడక వెతుక్కున్నాను. కలంతో గుర్తు పెట్టుకున్నాను కనక సరిపోయింది.

అయితే ఈ పరీక్ష సగం సంగతే చెబుతుంది. శుద్ధమైన అసిటోను కూడా ఇలాగే ఏమీ మిగల్చకుండా పోతుంది, జింకు సెలెనైడుకు హాని చెయ్యదు. లెన్సులు చేసే కంపెనీలు దాన్ని కూడా ఒప్పుకుంటాయి. కాని నా శిష్యుడి కొట్టు నిండా అక్రిలిక్ పలకలు. యంత్రం మూత కిటికీ కూడా అదే. అసిటోను ఒక్క బొట్టు పడితే అక్రిలిక్ కరిగి తెల్లబోతుంది. నిప్పు అంటుకునే గుణమూ దానికే ఎక్కువ: దాని ఆవిరి సున్నాకు 20 డిగ్రీల దిగువన కూడా రాజుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుకు ఆ అంకె సుమారు 12 డిగ్రీలు. అలాగని దీన్ని మంచిదనుకోకండి. ఆదిలాబాదులో జనవరి తెల్లవారుజామున తప్ప మన జిల్లాల్లో గాలి అంత చల్లగా ఎప్పుడుంటుంది గనక? కొట్టువాడికి ఐసోప్రొపైల్ మేలని నేనూ మా మిత్రుడూ తేల్చాం. తేల్చి, నిప్పు సంగతి వాడికి రెండుమార్లు చెప్పాం.

ఆసిడ్ సంగతి మూడుమార్లు చెప్పాం. జింకు సెలెనైడు మీద గట్టి ఆసిడ్ పడితే హైడ్రోజన్ సెలెనైడు అనే వాయువు పుడుతుంది. అది మహా విషం. పాయిఖానా కడిగే ఆసిడ్ కూడా ఈ కోవలోదే. బీటవేసిన లెన్సు ముక్కలనూ వుత్త చేత్తో ఏరకూడదు, పొడి పీల్చకూడదు, చెత్తబుట్టలో పారేయకూడదు. కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టి మూతవేసి, అమ్మినవాణ్ణి పుచ్చుకోమనాలి. నా శిష్యుడు మొదటి లెన్సు ముక్కను సొరుగులో చాక్‌పీసుల పక్కన పెట్టుకున్నాడు, అందంగా వుందని!

ఇక మెథిల్ ఆల్కహాలు. స్టవ్వు స్పిరిట్‌లో, పాలిష్ స్పిరిట్‌లో ఎవరూ తాగకుండా కలిపేది తరచు ఇదే. లెన్సు మీద అది ఆరిపోవచ్చు. మనిషి కడుపులో పడితే ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని కాలుస్తుంది. అద్దపు కన్ను తుడిచే మందు అసలు కన్ను పోగొడుతుందన్నమాట. దానికి చర్మంలోంచీ, ఆవిరిలోంచీ కూడా ఒంట్లోకి దారి వుంది. ఈ పనికి దాన్ని కొట్టులోకే రానివ్వవద్దన్నాం. 2020 జులై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో సారా దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా పోయిన సంగతి మీకు గుర్తుండేవుంటుంది. వాళ్ళు తెలిసి తాగారు. నేను ఆ మే నెల మధ్యాహ్నం తెలియక తాగబోయాను. అంతే తేడా.

అంచేత కొత్త సీసా కొట్టులోకి వెళ్ళిన రోజున నేనూ వెంట వెళ్ళాను. మంచినీళ్ళ సీసాలన్నీ ఏరి బయట వేయించాను. డబ్బాలో మిగిలిన శానిటైజరు చేతులకు వాడుకొమ్మన్నాను, అది పుట్టింది అందుకే కదా. కొత్త మందు అది వచ్చిన సీసాలోనే వుండాలి, అసలు చీటీ చిరగకూడదు. దానికింద తెలుగులో మరో చీటీ నా శిష్యుడే రాశాడు: ‘లెన్సు మందు. తాగరాదు. నిప్పుకు దూరం.’ ఇరవై ఏళ్ళ కిందట వాడి జవాబు పత్రాల్లో ఇంత పొదుపు లేదు.

తుడవడం కూడా మా మిత్రుడే చేసి చూపించాడు. యంత్రం కట్టేయడమే కాదు, ప్లగ్గు పీకేయాలి; లోపలి గొట్టానికి వేల వోల్టుల కరెంటు వుంటుంది. లెన్సు చల్లారాలి. చేతికి తొడుగులుండాలి. మొదట రబ్బరు బుడగతో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టాలి. నోటితో వూదరాదు, తుంపర పడుతుంది. రాతిదుమ్ము వుండగా పొడిగా తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. తరవాత లెన్సు తుడిచే పలచటి కాగితం మీద రెండు చుక్కలు వేసి, దాని బరువుతోనే లెన్సు మీదుగా ఒక్కసారి ఈడ్చి, ఆ కాగితం అవతల పారేయాలి. మరకపోకపోతే మరో కాగితం. అదే కాగితంతో రెండోసారి రుద్దకూడదు, చొక్కా అంచు అసలే వద్దు. తిరిగి బిగించేప్పుడు వుబ్బెత్తు వైపు పైకి వుండాలి. మందు పూర్తిగా ఆరి, ఆవిరి పోయిందాకా యంత్రం ముట్టుకోరాదు.

“దినాం చెయ్యాల్నా సార్?” అని అడిగాడు నా శిష్యుడు.

“దినాం చూడు. మురికుంటెనే తుడు” అన్నాడు మా మిత్రుడు.

ఆ మురికి రాకుండా చూసుకోవడమే తెలివి అని కూడా అన్నాడు. లెన్సు కింద గాలి కొట్టే చిన్న పంపు ఆర్నెల్లుగా చెడిపోయి పడివుందని అప్పుడు బయటపడింది! పొగంతా తిన్నగా లెన్సుకే పోతోంది. దానికితోడు పర్సులవాళ్ళ కోసం రెగ్జిను కోశాడట. రెగ్జినులో తరచు పి.వి.సి. వుంటుంది, కాలితే హైడ్రోజన్ క్లోరైడు వస్తుంది. అది పూతనూ తింటుంది, యంత్రం ఇనుమునూ తింటుంది, కోసేవాడి వూపిరితిత్తులనూ వదలదు. ఆ పని ఒప్పుకోవద్దని చెప్పాం. వాడు కొంచెం నసిగాడు, దాంట్లో డబ్బులున్నాయి. చివరకు సరేనన్నాడు. ఎంతకాలం మాట మీద వుంటాడో చూడాలి.

పంపు బాగుచేయించి, కొత్త లెన్సు బిగించి, మరో పలక మీద మళ్ళీ మొదలుపెట్టాడు. మాసికానికి నాలుగు రోజులే వ్యవధి. యంత్రం గంటల తరబడి అటూ ఇటూ తిరుగుతూ గీతమీద గీత గీస్తూంటే స్టూలు మీద కూర్చుని చూశాను. ముందు కొంగు వచ్చింది, తరవాత నుదురు. కళ్ళ దగ్గరకు వచ్చేసరికి నేను లేచి సందులోకి వెళ్ళి టీ తాగి వచ్చాను. తిరిగి వచ్చేసరికి ముక్కు దాకా అయింది. రాతిపొడి కుంచెతో తుడిచి కుర్రవాడు పక్కకు తప్పుకున్నాడు.

ముక్కుపుల్ల చెంపనుంచి విడిగా, తెల్లటి చుక్కలా వుంది.